సీటు ఎత్తు 23 అంగుళాలు

భవాని పేట్‌లో మా వయసువాళ్లు నలుగురు కూడితే ఈమధ్య మాట కారు మీదికి మళ్లుతోంది. సాంచాలు కొడుకులకు అప్పజెప్పాం, చాదర్ల ఆర్డర్లు వాళ్లే చూసుకుంటున్నారు. కాళ్లూ చేతులూ ఆడుతుండగానే నాలుగు ఊళ్లు తిరిగి రావాలని అందరికీ ఉంది. తుల్జాపూర్, అక్కల్‌కోట్, పండరి ఎప్పుడూ పోయేవే. ఇప్పటి కోరిక తూర్పు వైపు. నల్‌దుర్గ్, ఉమర్గా, హుమ్నాబాద్, జహీరాబాద్ దాటి హైదరాబాద్, అక్కణ్ణుంచి వేములవాడ, సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్. మన పద్మశాలి తాతలు మగ్గం పని కోసం ఏ ఊళ్లు విడిచి షోలాపూర్ వచ్చారో ఆ ఊళ్లను తీరుబడిగా చూడాలని.

పుణె నుంచి మచిలీపట్నం దాకా పోయే 65వ నంబరు జాతీయ రహదారి మన ఊరి మీదుగానే పోతుంది. పాతవాళ్లకు అది 9వ నంబరు రోడ్డు. హైదరాబాద్‌కు 300 కిలోమీటర్ల పైచిలుకు. రైలు ఉంది, కాని రైలు దిగాక పల్లెకు పోవాలంటే మళ్లీ బస్సు మెట్లెక్కాలి. ఆ మెట్ల దగ్గరే మా ఇంటి ప్రయాణాలు ఎన్నో ఆగిపోయాయి.

కారు అనగానే మనవాళ్లు మైలేజీ అడుగుతారు, పిల్లలు సన్‌రూఫ్ అడుగుతారు. నేను ముందు చూసేది అందులో కూర్చునే ఒంటిని. మన పేటలో ఒళ్లు పని చేసి చేసి ఒక తీరుకు వచ్చినవి. సాంచాల మధ్య నిలబడి, తిరిగి, తెగిన పోగులు అతికిన మగవాళ్లకు నడుము పట్టేస్తుంది, పిక్కల్లో నరాలు ఉబ్బుతాయి, ఆ చప్పుడుకు చెవులు మందగిస్తాయి. ఆడవాళ్లు బీడీల చాట ఒళ్లో పెట్టుకుని, మెడ వంచి, వెయ్యి బీడీల లెక్క తెగేదాకా కదలకుండా కూర్చున్నారు. వాళ్లకు మోకాళ్లు పోయాయి. మా ఆవిడా ఆ చాట ముందు కూర్చున్న మనిషే.

అందుకే షోరూముకు ఆమెను తీసుకుపోయాను. అక్కడి అబ్బాయి ముందుగా ఎత్తయిన బండి తలుపు తీశాడు. ఆమె పిడి పట్టుకుని, నా భుజం ఊతంగా ఎలాగో ఎక్కింది. అతను సంతోషంగా స్క్రీను చూపించబోతుంటే ఆమె నావైపు తిరిగి, “ఎక్కుడు ఎట్లన్న ఎక్కుతమయ్యా, దిగుడు చూడాలె” అంది. దిగేటప్పుడు కాలు నేలకు అందలేదు. ఒక్కసారిగా బరువంతా ఒక మోకాలి మీద పడింది. పక్కనున్న పొట్టి సెడాన్‌లో కూర్చోవడం తేలికే అయింది, లేవడానికి మాత్రం ఇద్దరం చెయ్యి పట్టాల్సి వచ్చింది.

ఇంటికొచ్చి టేపు తీశాను. చెయ్యి ఊనకుండా, కాలు ఎత్తకుండా, నడుము పక్కకు జరిపి కూర్చోగలిగే ఎత్తు ఆమెకు 23 అంగుళాలని తేలింది. ఆ తర్వాత ఏ షోరూముకు పోయినా నేల నుంచి సీటు పైభాగం దాకా టేపు పెట్టాకే మిగతా మాటలు. తలుపు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుందో, దిగేటప్పుడు కాలు దాటాల్సిన గడప ఎంత వెడల్పుందో కూడా కొలవాలి. గడప వెడల్పుగా ఉంటే సీటు ఎత్తు సరిగ్గా ఉన్నా కాలు సాగదీయాల్సిందే. 1998లో శాంత్రో, 1999లో వ్యాగన్ ఆర్ వచ్చినప్పుడు వాటి నిలువు ఆకారం చాలామందికి నచ్చలేదు. నా వరకు మన మోకాళ్లకు సరిపడేది ఆ వాటమే: పైకప్పు ఎత్తు, సీటు పక్కకు జరిగి కూర్చునే ఎత్తులో, బండి పొడవు నాలుగు మీటర్ల లోపు. మన గల్లీల్లో తిప్పుకోవడానికీ అదే నయం. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇలాంటి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది కూడా.

రెండోది చెవి. సాంచాల ఇళ్లలో సగం మాటలు సైగలతోనే నడుస్తాయి. బండి నడిపేవాడు మాటిమాటికీ వెనక్కి తిరిగి పెదవులు చూస్తే ఎలా? బోరామణి దాటాక 80 వేగంలో వెనక సీటువాళ్ల మామూలు గొంతు మీకు వినపడాలి. టైరు చప్పుడుకు ఆ గొంతు మునిగిపోతే ఆ బండి వద్దు. చక్రం పెద్దదై టైరు పక్కగోడ సన్నగా ఉన్న బండి చూడ్డానికి బాగుంటుంది, గుంతల్లో మాత్రం నడుముకు నేరుగా తగులుతుంది. గేర్లు ఆటోమేటిక్ అయితే ఎడమ మోకాలికి విశ్రాంతి.

కొత్త బండి సీట్ల మీద మనింటి చాదరు పరచడం మన పేట ముచ్చట. చాదరు మన అన్నం, ఆ ముచ్చట నాకూ ఉంది. ఒక్కటి గుర్తుంచుకోండి: చాలా కార్లలో ముందు సీట్లవాళ్లకు పక్క నుంచి దెబ్బ తగలకుండా కాచే ఎయిర్‌బ్యాగు సీటు అంచులోంచే తెరుచుకుంటుంది. దాన్ని బట్టతో బిగించి కప్పేస్తే అది తెరుచుకోవడానికి అడ్డం. వెనక సీటు మీద పరచుకోండి, బెల్టు బకిళ్లు పైకి తీసి.

లైసెన్సు సంగతి కూడా చూసుకోండి. 55 దాటాక రెన్యువల్ చేస్తే ఐదేళ్లకే ఇస్తారు, డాక్టరు సర్టిఫికెట్ కావాలి. ఆ పని మీద పోయినప్పుడే కళ్లకు శుక్లాలున్నాయేమో చూపించుకోండి. ఉంటే ఎదురు లైట్లకు రోడ్డు కనపడదు, చీకటి పడకముందే ఏదో ఒక ఊళ్లో దిగిపోవాలి.

కొడుకులకు ఒక మాట. డబ్బు కట్టేది మీరే అయినా అడ్వాన్స్ ఇవ్వకముందు అమ్మను తీసుకుపోండి. ముందు సీట్లో, వెనక సీట్లో కూర్చోనివ్వండి. మళ్లీ మళ్లీ దిగి చూడనివ్వండి. తర్వాత బండిని నల్‌దుర్గ్ దాకా పోనిచ్చి తీసుకురండి. అంత దూరం ఇవ్వం అంటే ఇంకో షోరూముకు వెళ్లండి.