ట్యాంక్‌బండ్ మీద డప్పు ఏదీ?

హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద 1980లలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ముప్ఫైకి పైగా విగ్రహాలు నిలబెట్టింది. తెలుగు జాతి చరిత్రనూ సాహిత్యాన్నీ కళనూ రాజధాని నడిబొడ్డున చూపాలన్నది ఉద్దేశం. యూనివర్సిటీలో సీటొచ్చిన కొత్తలో పలాస నుంచి మా తాతను తీసుకెళ్ళి చూపించాను. ఆయన డప్పు వాయించేవాడు. ఒక్కో పేరూ చదివి చెబుతుంటే చివరంటా విన్నాడు. "అందరూ బాగున్నారు గానీ, ఒక్కడి చేతిలోనూ డప్పు లేదేట్రా?" అన్నాడు.

మొల్ల ఉంది, వేమన ఉన్నాడు, జాషువా ఉన్నాడు. ఇది చిన్న విషయం కాదు. జాషువాను పెట్టాం గనక కులం ప్రశ్న తీరిపోయిందనే వాళ్ళతోనే నా పేచీ. ఆ వరసలో పాట, ఆట అంటే క్షేత్రయ్య, త్యాగరాజు, సిద్ధేంద్రయోగి. తప్పెటగుళ్ళు, జముకుల కథ, డప్పు మాత్రం 'జానపదం'. విగ్రహానికి ఒక పేరు, ఒక ముఖం కావాలి. మావాళ్ళ కళకు కులం పేరు మిగిలింది, మనిషి పేరు చెరిగిపోయింది. రాతకెక్కనివాడు విగ్రహానికెలా ఎక్కుతాడు?

ఈ లోపం సర్కారు ఒక్కదానిదే కాదు. ఉద్దానంలో జముకు అనగానే బొడ్డపాడు సుబ్బారావు పాణిగ్రాహి గుర్తొస్తాడు. పూజారి. జముకుల కథను శ్రీకాకుళ పోరాటంలోకి తెచ్చి 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ త్యాగాన్ని నేను తగ్గించడం లేదు. కానీ ఆ బాణీ తరతరాలుగా ఏ గొంతుల్లో నిలిచిందో, ఆ పేర్లు ఉద్యమ చరిత్రల్లోనూ అరుదే.

2011 మార్చి 10న మిలియన్ మార్చ్ రోజు కొన్ని విగ్రహాలు కూలాయి. తర్వాత మళ్ళీ పెట్టారు. అప్పటి వాదమంతా ప్రాంతం చుట్టూ తిరిగింది. టెక్కలి కూలీ 'ఆంధ్రోడు'గా లెక్కకొచ్చాడు. వాడి ఆట ఏ పక్క లెక్కలోకీ రాలేదు.

2020లో కరుణకుమార్ తీసిన 'పలాస 1978' మావైపు ఆటగాడి బిడ్డలకు తెరమీద పేర్లిచ్చింది, కోపమిచ్చింది. విగ్రహం చెయ్యలేనిది సినిమా కొంత చేసింది. కథ సాగేకొద్దీ ఆట వెనక్కిపోయి కత్తి ముందుకొచ్చింది, అది వేరే సంగతి.

మరి ఒక డప్పు విగ్రహం కూడా పెట్టేస్తే సరా? తాతకు డప్పంటే కళ ఒక్కటే కాదు, వెట్టి. చావుకు పిలిస్తే పోవాలి. పెళ్ళికి పిలిస్తే పందిరి బయటే నిలబడాలి. ఇంత కూలి అని నోరు తెరిచి అడగకూడదు. అందుకే మా నాన్న డప్పు ముట్టలేదు, జీడిపప్పు ఫ్యాక్టరీకి పోయాడు. ఆ ముట్టకపోవడాన్ని కూడా కళాచరిత్రలో రాయాలంటాను.

తాత పోయాక ఆయన డప్పు మా అటకమీదే ఉంది. మ్యూజియంలో పెడతాం ఇమ్మని ఒకాయన వచ్చాడు. చీటీమీద ఎవరి పేరు రాస్తారండీ అని అడిగాను. 'ఉత్తరాంధ్ర జానపద వాద్యం' అని రాస్తామన్నాడు. ఇవ్వలేదు.