శంఖపుష్పము: వన్నె వేరు, వైద్యము వేరు

కంచెలపై అల్లుకొను నీలిపూల శంఖపుష్పము తెలుగువారికి చిరపరిచితము. దింటెన అనియు, అపరాజిత అనియు దీనికి పేర్లు కలవు. మన పెరళ్లలో దీనిని అందమునకు, పూజకు పెంతురు. ఆగ్నేయాసియాలో ఇది వంటింటి వస్తువు కూడ. మలేషియాలోని కెలంతాన్ ప్రాంతమున ఈ పూలు నానిన నీటితో నీలిరంగు అన్నము వండి, చేపతోను పచ్చి ఆకులతోను తిందురు. థాయిలాండులో పూల కషాయమునకు తీపి, నిమ్మరసము చేర్చి త్రాగుదురు. లేతకాయలు కూరకు పనికివచ్చును.

నిమ్మరసము పడగానే నీలము ఊదాగా మారుట పిల్లలకు వినోదము, ఉపాధ్యాయునకు పాఠము. వంటసోడా కలిపినచో ఆకుపచ్చ వన్నె వచ్చును. ఆంథోసయనిన్ జాతికి చెందిన టెర్నాటిన్లు ఈ రంగునకు మూలము. పలుపూల ఆంథోసయనిన్లు ఆమ్లము లేని నీటిలో త్వరగా వెలిసిపోవును. టెర్నాటిన్ అణువునకు గల పొడవైన కొమ్మలు రంగుభాగముపై మడతపడి, దానిని నీటి దాడినుండి కాపాడును. అందుచేతనే అన్నములో సైతము ఆ నీలము నిలుచుచున్నది.

ఇంతవరకు పేచీ లేదు. ఈ పూలు “నీలి టీ” పేర అంగళ్లకు వచ్చిన పిమ్మట జ్ఞాపకశక్తి పెంచునను ప్రచారము వెంట వచ్చినది. ఈ కీర్తి చాలవరకు అరువు సొమ్ము. ఆయుర్వేదము మేధకు చెప్పిన శంఖపుష్పి ఏ మొక్కయో వైద్యులలోనే ఏకాభిప్రాయము లేదు. ఉత్తరదేశమున నేలబారున పెరుగు కన్వాల్వులస్ మొక్కను, కొందరు విష్ణుక్రాంతను వాడుదురు. కేరళలో మన నీలితీగనే గ్రహింతురు. ఎలుకలపై ఈ తీగ వేరుసారముతో జరిగిన ప్రయోగములు కొన్ని కలవు. వేరునకు కనబడిన ఫలితమును పూరేకుల కషాయమునకు అంటగట్టుట ఏ తర్కము? పైగా వేరు, గింజలు విరేచనకారులు. ప్రకటనలలో ఆ మాట కానరాదు!

ప్రభుత్వ సంస్థల తీర్పులును గమనింపదగినవి. 2021లో అమెరికా ఈ పూలసారమును కొన్ని ఆహారములకు రంగుగా అనుమతించినది. 2022లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ ఎండుపూలను ఆహారముగా అమ్ముటకు ఆక్షేపణ తెలిపినది. ఈ మొక్కలోని సైక్లోటైడ్లను చిన్న ప్రోటీనులు ఆ సందేహమునకు కారణము. ఈ రెండు తీర్పులలోను జ్ఞాపకశక్తి ప్రసక్తి లేదు.