రాముడి చెంప

సల్వాలోని మా ఫ్లాట్‌లో అప్పుడప్పుడూ నాలుగైదు తెలుగు కుటుంబాలవాళ్ళం చేరి ఒక కథ చదువుకుంటాం. ఆమధ్య గురజాడ ‘దిద్దుబాటు’ చదవడం నా వంతయింది. 1910లో ‘ఆంధ్రభారతి’లో వచ్చిన ఈ కథ మనలో చాలామందికి బడిలోనే పరిచయం. సానిపాటల మోజులో పడి అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరే గోపాలరావు, ఉత్తరం రాసిపెట్టి మంచం కింద దాక్కున్న భార్య కమలిని. భర్త కళ్ళు తెరిపించిన కథ అని పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాం.

పరీక్షల్లో ఎవరూ అడగని మనిషి ఇంకొకడున్నాడు, నౌకరు రాముడు. భార్య కనబడని కంగారులో గోపాలరావు వాడి చెంప మీద కొడతాడు. వాడు కింద పడతాడు. అతను వెంటనే జాలిపడి లేవదీసి వీపు నిమురుతాడు. గోపాలరావు దుర్మార్గుడు కాడు, తమాషా అక్కడే ఉంది. దయ ఉన్నవాడే, కానీ అది దూడ వీపు నిమిరే దయ. భార్య విషయంలో తప్పు ఒప్పుకున్న మనిషికి రాముడి దగ్గర కూడా దిద్దుకోవలసింది ఉందని తట్టదు. వాడుకభాష కోసం పోరాడిన గురజాడ ఎవరు ఎవరితో ఎలా మాట్లాడతారో విని రాశాడు, విననిది మనమే. (గోపాలరావుని ‘అతను’ అనీ, రాముణ్ణి ‘వాడు’ అనీ రాసేశాను. చూసుకున్నాను, ఉండనివ్వండి.)

కువైట్‌లో మనవాళ్ళు కలిస్తే ముందుగా వచ్చే ప్రశ్నల్లో ఒకటి, ‘మీ వీసా పద్దెనిమిదా, ఇరవయ్యా?’ పద్దెనిమిదంటే కంపెనీ ఉద్యోగం, ఇరవై అంటే ఖాదిం, ఇంటిపని. జవాబు వినగానే ‘రండి’ కాస్తా ‘రా’ అవుతుంది. 2015 నాటి 68వ నంబరు చట్టం ఇంటిపనివారికి వారానికో సెలవు, రోజుకు 12 గంటల పరిమితి పెట్టింది. మన క్రియాపదాల జోలికి ఏ చట్టమూ రాదు. ‘సీమలో నువ్వు అనడం చనువండీ’ అని ఒక మిత్రుడి వాదన. నిజమే, మా అమ్మనీ నువ్వనే అంటాను. ఆ చనువు ఆఫీసులో తెలుగు మేనేజరు దగ్గర ఎందుకు రాదో మరి!

ఆరోజు వంటింట్లో సాయానికి రాయచోటి వైపు ఆవిడ ఒకామె వచ్చింది. నాకంటే పదేళ్ళు పెద్దది. గుమ్మం దగ్గర నిలబడి కథంతా విన్నది. అందరూ కమలిని తెలివిని మెచ్చుకుంటూ వెళ్ళిపోయాక గ్లాసులు తీస్తూ అడిగింది: ‘సార్, దెబ్బ తిన్న ఆ పిల్లోడికి మళ్ళా ఏమాయ?’

మళ్ళీ పుస్తకం తిరగేశాను. చివర్లో మంచం కింద కమలిని నవ్వు ఉంది, గాజుల చప్పుడు ఉంది. చెంపదెబ్బ సంగతి మరి లేదు. ఏం చెప్పాలో తోచక, టీ మిగిలితే తాగమన్నాను. ‘తాగు’ అనే అన్నాను.