కెంజబురో ఓయె రచనల్లో కొడుకు వినికిడి, తండ్రి ప్రార్థన: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
జపాన్ నవలాకారుడు కెంజబురో ఓయె (1935–2023) సాహిత్యంలో అధికభాగానికి ఆయన పెద్దకుమారుడు హికారి జీవితమే ఆధారభూమి. పక్షుల కూతలపై, సంగీతంపై ఆ బాలునికి గల గాఢాసక్తి, ఏ మతాన్నీ అవలంబించని తండ్రిలోని ఆధ్యాత్మిక జిజ్ఞాసను ఎలా మలచిందో, ఆ జిజ్ఞాస కొడుకు వ్యక్తిత్వాన్ని ఎక్కడ కప్పివేయబోయిందో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: ఆటిజం, ప్రార్థన, అవధానం, విలియం బ్లేక్, పితాపుత్ర సంబంధం.

ఉపోద్ఘాతం:
1963లో హికారి మెదడు కపాలం వెలుపలికి పొడుచుకువచ్చిన స్థితిలో జన్మించాడు. శస్త్రచికిత్స వల్ల ప్రాణం దక్కినా మూర్ఛలు, చూపు లోపం, మానసిక వికాసంలో వెనుకబాటు జీవితాంతం మిగిలాయి. ఆయనకు ఆటిజం కూడా ఉన్నట్లు ఆయనను గురించి రాసినవారు పేర్కొన్నారు. మరుసటి సంవత్సరమే ఓయె రెండు రచనలు వెలువరించాడు. ‘ఎ పర్సనల్ మేటర్’ నవలలో తండ్రి బిడ్డ చావును కోరుకొని, చివరకు శస్త్రచికిత్సకు సమ్మతిస్తాడు. ‘అఘ్వీ’ కథలో తండ్రి బిడ్డను చావనిస్తాడు. చనిపోయిన శిశువు ఆకాశం నుంచి దిగివచ్చి అతన్ని వెంటాడుతుంది. జీవితంలో తాను ఎంచుకోని దారిని కూడా కథగా రాసి చూసుకున్న రచయిత ఆయన. ఆయన ఆధ్యాత్మిక చింతనకు పునాది భక్తి కాదు, ఈ భయమే.

నీటికోడి కూత:
పసితనంలో హికారి మనుషుల మాటలకు స్పందించేవాడు కాదు. పక్షుల కూతలకు మాత్రం చెవి ఒగ్గేవాడు. అది గమనించిన తల్లిదండ్రులు అడవిపక్షుల కూతలను రికార్డు చేసిన ధ్వనిముద్రికను వినిపించసాగారు. అందులో ప్రతి కూత తరువాత ఒక వ్యాఖ్యాత ఆ పక్షి పేరు చెబుతాడు. ఆరేళ్ల వయసులో, కొండప్రాంతపు వేసవి విడిదిలో, చెట్ల అవతల సరస్సు నుంచి వచ్చిన కూత విని ఆ బాలుడు అది ‘కుయినా’ అని పలికాడు. కుయినా నీటికోడి కుటుంబానికి చెందిన పక్షి. అతడు పలికిన తొలి మానవభాష అదే. 1994లో నోబెల్ బహుమతి స్వీకరించినప్పుడు చేసిన ప్రసంగంలో ఓయె ఈ సంఘటనను ప్రస్తావించాడు.

ఇక్కడ ఒక సూక్ష్మాంశాన్ని విమర్శకులు తరచు దాటిపోతారు. ఆ మాటను బాలుడు తన గొంతుతో కాక వ్యాఖ్యాత గొంతుతో, అదే వాక్యంగా పలికాడు. ఎప్పుడో విన్న మాటను ఉన్నదున్నట్లుగా తిరిగి పలకడం ఆటిజంలో తరచు కనిపించే లక్షణం. దానిని అర్థంలేని చిలకపలుకుగా కొట్టిపారేయడం ఒకప్పటి వాడుక. కాని ఈ పలుకు సందర్భానికి సరిగ్గా అతికింది. ముద్రికలోని కూత వేరు, సరస్సు మీది కూత వేరు. ఆ రెండింటి ఏకత్వాన్ని గుర్తించడమే జ్ఞానం. ఆటిజం అనే పదానికి మూలం ‘తాను’ అనే అర్థంగల గ్రీకు మాట. తనలో తాను మూసుకుపోయినవాడన్న ఊహ అందులో దాగి ఉంది. ఈ బాలుని చెవి మాత్రం బయటి ప్రపంచం వైపే తెరచి ఉంది.

అప్పుడు అతడు తండ్రి భుజాలపై ఉన్నాడు. తాను విన్నది నిజమో భ్రమో తండ్రికి తేలలేదు. పక్షి మళ్లీ కూయాలి, కొడుకు మళ్లీ పలకాలి. ఆ మధ్య కొద్ది నిమిషాలు చీకట్లో ఒక చెట్టును చూస్తూ నిరీక్షించడమే తన ప్రార్థన అని, విశ్వాసం లేనివారి ప్రార్థనను గురించిన ప్రసంగంలో ఆయన వివరించాడు. ఇందులో దైవసంబోధన లేదు, స్తోత్రం లేదు. ఓయె ఇష్టంగా చదివిన సిమోన్ వెయిల్ అన్యచింత లేని ఏకాగ్రతనే ప్రార్థనగా భావించింది. తెలుగువారికి అవధానం అనగానే ఏకకాలంలో అనేక విషయాలపై నిలిపే ధారణ స్ఫురిస్తుంది. ఇది అందుకు విపర్యయం. అంతకుముందు ఏళ్ల తరబడి అదే ముద్రికను అదే శ్రద్ధతో విన్నవాడు కొడుకు. తండ్రి ఆ చీకట్లో చేసినది ఆ శ్రద్ధను కాసేపు అనుకరించడం. కనుక ఈ ఘట్టంలో గురుస్థానం బాలునిదే.

నిర్వచనాల గ్రంథం:
1983లో వెలువడిన ‘రౌజ్ అప్ ఓ యంగ్ మెన్ ఆఫ్ ద న్యూ ఏజ్’ ఈ సంబంధాన్ని మరింత నిశితంగా పరీక్షించిన రచన. ఇందులోని తండ్రి, తన తదనంతరం కొడుకుకు ఉపకరించేలా మృత్యువు మొదలైన విషయాలను నిర్వచించే పుస్తకం రాయదలుస్తాడు. అందుకు విలియం బ్లేక్ కవిత్వాన్ని ఆశ్రయిస్తాడు. క్రైస్తవేతరుడైన జపాన్ పాఠకుడు బ్లేక్ దర్శనాలను తన ఇంటి కష్టానికి అన్వయించుకొనే తీరులో విశ్వాసి నిశ్చయం ఉండదు, జిజ్ఞాసువు తడబాటు ఉంటుంది. ఆ తడబాటే రచనకు బలం.

ఆ నిర్వచనాల గ్రంథం పూర్తికాదు. తండ్రి విదేశాల్లో ఉండగా అతడు మరణించాడని తలచి కొడుకు ఇంట్లో బీభత్సం సృష్టిస్తాడు. తండ్రి తిరిగివచ్చాక, ఒకప్పుడు వాతనొప్పితో బాధపడిన అతని పాదాన్ని తాకి, ఆ పాదాన్నే కుశలమడుగుతాడు. ముఖంతో మాట్లాడలేని కొడుకుకు పాదం ద్వారా తండ్రి లభిస్తాడు. బ్లేక్ వ్యాఖ్యానానికి వెచ్చించిన అనేక పుటలకంటె ఈ చిన్న సన్నివేశం ఎక్కువ చెబుతుంది. రచయితకు కూడా ఆ సంగతి తెలుసుననిపిస్తుంది. రచన చివర కొడుకు తన ముద్దుపేరుతో పిలిస్తే పలకడు. అతడు అసలు పేరును కోరుతున్నాడని గ్రహించేది తమ్ముడే, తండ్రి కాదు. ఎదుటివారికి నిర్వచనాలు సమకూర్చబోయిన మనిషి, ఇంట్లో ఉన్న వ్యక్తిని ఏమని పిలవాలో తెలియక నిలిచిపోతాడు.

సంగీతం ఎవరిది?
హికారి పియానో నేర్చి, చిన్నచిన్న స్వరరచనలు చేశాడు. అవి 1992లో, 1994లో సీడీలుగా వెలువడ్డాయి. అవి మొజార్ట్ సంప్రదాయానికి దగ్గరగా, స్పష్టమైన రాగరేఖలతో సాగే రచనలు. నోబెల్ ప్రసంగంలో ఓయె, కొడుకు తరువాతి సంగీతంలో చీకటి నిండిన ఆత్మ రోదన వినిపిస్తుందని, దానిని స్వరపరచడమే అతనికి ఉపశమనమైందని వ్యాఖ్యానించాడు. తండ్రిగా ఈ మాట అర్థం చేసుకోదగినదే. విమర్శగా మాత్రం దీనిని యథాతథంగా స్వీకరించడం కష్టం. ఆ చీకటి స్వరాల్లో ఉందా, అరవై మూడు నుంచి తండ్రి మోస్తున్న భయంలో ఉందా అన్నది తేలదు. స్వరకర్త స్వయంగా ఆ మాట అన్న దాఖలా ఆ ప్రసంగంలో లేదు. దివ్యాంగుడైన బిడ్డను దైవసందేశంగా చదువుకోవడం, శాపంగా చూడడం పరస్పర విరుద్ధంగా కనిపించినా, రెండింటిలోను ఆ బిడ్డ ఇంకొకదానికి గుర్తుగానే మిగులుతాడు. అనంతరం రక్షకులు, మతసంఘాలు ఇతివృత్తంగా వచ్చిన ‘సోమర్‌సాల్ట్’ (1999) వంటి బృహన్నవలలో చర్చలు పెరిగాయి గాని, ఆ చీకటి నిరీక్షణలోని సాంద్రత పలచబడింది.

ఈ లోపాన్ని ఎత్తిచూపినవాడు కూడా ఓయెనే కావడం విశేషం. 2009 నాటి ‘డెత్ బై వాటర్’ నవలలో తండ్రికి అపురూపమైన, మిత్రుని కానుకగా వచ్చిన బీథోవెన్ స్వరలిపి గ్రంథంపై కొడుకు చెరగని సిరాతో గుర్తులు పెడతాడు. తండ్రి ఆగ్రహంతో అతన్ని బుద్ధిహీనుడని నిందిస్తాడు. ఆ ఒక్క మాటతో ఇద్దరి మధ్య దీర్ఘమైన మౌనం ఏర్పడుతుంది. ఆ గుర్తులు పెట్టడానికి కారణం ఆకతాయితనం కాదు, స్వరాలను గురించి కొడుకు గమనించిన ఒక విషయం. తండ్రికి అది స్మృతిచిహ్నం, కొడుకుకు అది చదవవలసిన సంగీతం.