రేనాటి వీరగాథల్లో రూకలు, గింజలు: ఆర్థిక సిద్ధాంతాల వెలుగులో పునఃపరిశీలన

ప్రవేశిక

కర్నూలు, కడప సీమల జానపద గేయకథల్లో ఉయ్యాలవాడ పేరు రెండు సందర్భాల్లో వినిపిస్తుంది. 1846లో కంపెనీ ప్రభుత్వంపై తిరగబడి, 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరికంబమెక్కిన నరసింహారెడ్డిది ఆ ఊరే. 1866 నాటి కరవులో ఆకలిగొన్న వేలాదిమందికి అన్నం పెట్టి, విక్టోరియా రాణి నుంచి బంగారు పతకం పొందినవాడుగా ప్రసిద్ధికెక్కిన బుడ్డా వెంగళరెడ్డిదీ ఆ ఊరే. ఆచార్య తంగిరాల వెంకట సుబ్బారావు ఈ ఇద్దరినీ ‘రేనాటి సూర్యచంద్రులు’ అన్నారు. జానపద వాఙ్మయ పరిశోధనలో ఆ పేరు అప్పటినుంచీ స్థిరపడింది.

పేరు అందమైనదే. అయితే అందమైన పేర్లు ఒక్కోసారి ప్రశ్నలను ముందే మూసివేస్తాయి. సూర్యుడు అనగానే ప్రతాపం, చంద్రుడు అనగానే చల్లదనం స్ఫురిస్తాయి. దానికి ఆలంకారికుల యుద్ధవీర, దానవీర విభజన చక్కగా అతుకుతుంది. ఫలితంగా ఒక గాథ దేశభక్తి ప్రకరణంలోకి, మరొకటి దాతృత్వ ప్రకరణంలోకి చేరిపోయాయి. ఇరవై ఏళ్ళ ఎడంతో, ఒకే ఊళ్ళో, ఒకే నల్లరేగడి మీద పుట్టిన ఈ రెండు గాథలనూ కలిపి అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. మొదటి గాథ ఖజానా చుట్టూ, రెండవ గాథ గింజల చుట్టూ ఎందుకు తిరుగుతాయి? ఈ ప్రశ్నకు రసచర్చ సమాధానం చెప్పలేదు. రూకల గురించి, ధరల గురించి, ప్రభుత్వ విధానం గురించి పరస్పరం విభేదించిన ఆర్థిక సిద్ధాంతాలను పక్కన పెట్టుకుని చదివితే కొంత తెలుస్తుంది.

తవర్జీ అనే చిక్కుముడి

నరసింహారెడ్డి తిరుగుబాటును ప్రస్తావించే ప్రతి రచనా ఒక చోట కొంచెం తడబడుతుంది. అది తవర్జీ, అంటే ప్రభుత్వమిచ్చే భరణం దగ్గర. ఆయన వాటాకు వచ్చేది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. బంధువుల మరణంతో రావలసిన భాగాన్ని కంపెనీ అధికారులు నిరాకరించారు. కోవెలకుంట్ల తహసీల్దారుతో వచ్చిన వివాదం అక్కడ మొదలైంది. జాతీయోద్యమ దృష్టితో రాసినవారికి ఈ అంకెలు ఇబ్బంది కలిగించాయి. స్వాతంత్ర్య వీరుడు పదకొండు రూపాయల కోసం కత్తి దూశాడంటే ఎలా? అందువల్ల కొందరు దీన్ని తక్షణ కారణమని ఒక వాక్యంలో దాటేశారు. మార్క్సిస్టు దృష్టి కలవారు ఇదే అంకెలను ఎదురు తిప్పి, తన భూస్వామ్య హక్కు కోసం పోరాడిన పాలెగాడి వారసుడికి రైతు సమూహం బలగంగా ఉపయోగపడిందన్నారు. రెండు పక్షాలూ తవర్జీని చిన్న మొత్తంగానే చూశాయి. చర్చ అంతా ఆ చిన్నతనాన్ని దాచాలా, చూపాలా అన్నదాని మీదే సాగింది.

ఈ తవర్జీ ఎలా పుట్టిందో చూడాలి. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి దత్తం చేశాడు. దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ పనిచేశాడు. ఎనభైమంది దాకా ఉన్న పాలెగాళ్ళను అణచి, లొంగినవారికి భరణాలు ఏర్పాటు చేశాడు. అంతకుముందు పాలెగాడికి ఊరితో ఉన్న సంబంధం కావలి హక్కు, పంటలో పాలు, మాన్యం అనే రూపాల్లో ఉండేది. అందులో దోపిడీ లేదని కాదు. కానీ అది ఊరి పంటతోపాటు పెరిగి, పంటతోపాటు తగ్గే సంబంధం. తవర్జీ దాన్ని నెలసరి రూపాయల్లోకి మార్చింది. హక్కుకు ఖరీదు కట్టి, ఆ ఖరీదును ప్రభుత్వ దయగా పంచిపెట్టింది. దయకు వారసత్వం ఉంటుందా లేదా అన్నది ఇచ్చేవాడి ఇష్టం. నరసింహారెడ్డి గొడవ సరిగ్గా ఈ చోటనే మొదలైంది.

రైతు విషయంలోనూ ఇదే మార్పు జరిగింది. రైత్వారీలో శిస్తును నగదుగా నిర్ణయించారు. మన్రో శిస్తు తేలికగా ఉండాలని కోరుకున్నవాడు. 1807లోనే నాలుగోవంతు తగ్గింపును సిఫారసు చేశాడు. అప్పట్లో అది అమలు కాలేదు. తాను గవర్నరయ్యాక 1820ల్లో అమలు చేశాడు. చివరికి 1827లో ఈ సీమలోనే, పత్తికొండలో కలరాతో మరణించాడు. ఆయన తర్వాతి తరం విధానకర్తలకు మాత్రం సిద్ధాంత బలం తోడయింది. డేవిడ్ రికార్డో 1817లో ప్రకటించిన భాటక సిద్ధాంతం ప్రకారం, ఖర్చులూ సాధారణ లాభమూ పోగా నేల సారం వల్ల మిగిలే అదనపు ఫలం ఎవరి శ్రమ ఫలితమూ కాదు. ఇండియా హౌసులో ఉద్యోగిగా ఉన్న జేమ్స్ మిల్ ఈ సూత్రాన్ని భారతదేశానికి అన్వయించి, ఆ మిగులును ప్రభుత్వం తీసుకుంటే ఎవరికీ నష్టం లేదన్నాడు. లండన్‌లో ఈ తర్కానికి లోపం కనిపించదు. కోవెలకుంట్లలో మిగులెంతో తేల్చేది వాన. దాన్ని ముందే అంకెగా రాసిపెట్టేది జమాబందీ.

ధర పడిన రోజుల్లో రూపాయి

ఇక్కడ డబ్బును గురించిన మరొక ఆలోచనను తీసుకోవాలి. మద్రాసు రాజధానిలో సుమారు 1825 నుంచి 1854 దాకా ధరలు దీర్ఘకాలం పడిపోయి ఉన్నాయని పి.జె. థామస్, బి. నటరాజన్ 1936లో ప్రచురించిన పరిశోధనలో చూపారు. చలామణిలో నాణెం కొరవడటాన్ని ఆ మాంద్యానికి ముఖ్యమైన కారణంగా పరిగణించారు. నగదు శిస్తు రూపంలో వెండి పల్లె నుంచి ఖజానాకు వెళ్తుంది. వెళ్ళినంత తిరిగి రాదు. నాణెం అరుదైన కొద్దీ గింజ చవక అవుతుంది. గింజ చవకయిన కొద్దీ, అంతే శిస్తు కట్టడానికి రైతు ఇంకా ఎక్కువ గింజలు అమ్మాలి. శిస్తు అంకె మారకుండానే శిస్తు భారం పెరుగుతుంది.

నరసింహారెడ్డి తిరుగుబాటు జరిగిన 1846 ఈ కాలం లోపలిదే. దీన్ని గాథకు అన్వయిస్తే ఆశ్చర్యకరమైన చిక్కు ఎదురవుతుంది. ధరలు పడినప్పుడు నష్టపోయేది నగదు కట్టవలసినవాడు. లాభపడేది స్థిరంగా నగదు అందుకునేవాడు. మాట వరసకు, రూపాయికి ఇరవై సేర్ల జొన్నలు వచ్చే రోజులు పోయి నలభై సేర్లు వచ్చే రోజులు వస్తే, పదకొండు రూపాయల తవర్జీ తీసుకునేవాడి గాదె రెండింతలు నిండుతుంది. శిస్తు కట్టే రైతు గాదె అంతగా ఖాళీ అవుతుంది. అంటే శుద్ధ ద్రవ్య దృష్టితో చూస్తే భరణందారు, రైతు ఎదురెదురు పక్షాలు. అటువంటప్పుడు వారిద్దరూ ఒక జెండా కింద ఎలా నిలిచారు?

‘చిన్న మొత్తం’ అన్న వాదన ఇక్కడ వీగిపోతుంది. నరసింహారెడ్డి కోపం మొత్తం గురించే అయితే, ఆ మొత్తానికి కొనుగోలు శక్తి పెరిగిన కాలంలో అది చల్లారాలి. చల్లారలేదు. ఆయన వెంట నడిచినవారిలో కట్టుబడి బంట్రోతులు ముఖ్యులన్న సంగతి ఈ చిక్కును విప్పుతుంది. ఊరి కాపలా చేసినందుకు వారు అనుభవిస్తున్న మాన్యాలను, అనుభవదారు చనిపోగానే ప్రభుత్వం తిరిగి స్వాధీనం చేసుకోసాగింది. తండ్రి భరణం కొడుక్కి రాదన్న నిర్ణయమూ, తండ్రి మాన్యం కొడుక్కి రాదన్న నిర్ణయమూ ఒకే కలం నుంచి వెలువడ్డాయి. శిస్తుదారు రైతుకూ, మాన్యం పోయిన కట్టుబడికీ, తవర్జీ ఆగిన పాలెగాడి మనుమడికీ లాభనష్టాల లెక్క ఒకటి కాదు. కానీ తమ బతుకు లెక్క ఇప్పుడు తహసీల్దారు కచేరీలో తేలుతోందన్న అనుభవం ఒకటే. ఆర్థిక ప్రయోజనాలు వేరైనా తిరుగుబాటు ఒకటి కావచ్చుననడానికి ఇది ఉదాహరణ. వర్గ ప్రయోజనాన్ని మాత్రమే కొలతగా పెట్టుకున్న విమర్శకు ఇది అందదు. ఆంగ్ల చరిత్రకారుడు ఇ.పి. థాంప్సన్ 1971లో ప్రతిపాదించిన ‘నైతిక ఆర్థిక వ్యవస్థ’ భావన దీనికి కొంత దగ్గరగా వస్తుంది. కాకపోతే థాంప్సన్ చూసింది రొట్టె ధర మీద తిరగబడిన గుంపులను. ఇక్కడ ధర పెరగలేదు, పడింది.

1846 జూలైలో దాడి జరిగింది కోవెలకుంట్ల ఖజానా మీద. వీరగాథా నిర్మాణంలో కోట ముట్టడి ఉండవలసిన స్థానాన్ని ఖజానా ముట్టడి ఆక్రమించిందన్నమాట. తాలూకా ఖజానా పల్లె రూపాయి పల్లెను విడిచి వెళ్ళే గుమ్మం. సినిమాగా వచ్చినప్పుడు (2019) ఈ కథ అఖిల భారత స్వాతంత్ర్య గాథగా విస్తరించింది. ఆ విస్తరణలో గుమ్మం కనబడకుండా పోయింది.

రూపాయి వచ్చింది, గింజ పోయింది

1854 తర్వాత దృశ్యం మారింది. కాలిఫోర్నియా, ఆస్ట్రేలియా బంగారు గనులు ప్రపంచ ద్రవ్యరాశిని పెంచాయి. రైలుమార్గాల నిర్మాణం మొదలైంది. 1861లో అమెరికా అంతర్యుద్ధం వచ్చి మాంచెస్టరు మిల్లులకు పత్తి కరవైనప్పుడు, నంద్యాల పరిసరాల నల్లరేగడి పత్తికి గిరాకీ పెరిగింది. ధరలు ఎగశాయి. యుద్ధం 1865లో ముగియగానే పత్తి ధర కూలింది. మరుసటేడు కరవు. వెంగళరెడ్డి గాథ ఈ సంధికాలానిది. నరసింహారెడ్డి నాటి కొరత నాణెం కొరత. వెంగళరెడ్డి నాటి కొరత గింజల కొరత, అంతకన్నా ముఖ్యంగా గింజ కొనే శక్తి కొరత. ఒక గాథ ఖజానా దగ్గర, మరొకటి గంజి దగ్గర నిలవడం కవుల అభిరుచి భేదం కాదు. డబ్బు పల్లెలో రెండు వేర్వేరు విధాలుగా ప్రవర్తించిన రెండు దశల ముద్ర అది.

కరవులో ప్రభుత్వం ఏం చేయాలన్నదానిపై అప్పటి అధికార వర్గానికి సందేహం లేదు. ధాన్యం కొరవడినప్పుడు వర్తకుడు ధర పెంచడమే ఉన్న గింజలను ఏడాది పొడవునా సర్దుతుందనీ, ప్రభుత్వ జోక్యమే కొరతను కరవుగా మారుస్తుందనీ ఆడమ్ స్మిత్ 1776లోనే వాదించాడు. కంపెనీ ఉద్యోగులకు శిక్షణ ఇచ్చిన హెయిలీబరీ కళాశాలలో అర్థశాస్త్రం బోధించినవాడు మాల్థస్. పదేళ్ళ తర్వాత ధాత కరువులో (1876-78) ఈ బోధన అమలు రూపం ధరించింది. మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ధాన్యం కొనుగోలుకు పూనుకుంటే వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. 1877లో వచ్చిన రిచర్డ్ టెంపుల్ సహాయ పనుల్లోని కూలివాడికి రోజుకు ఒక పౌను ధాన్యం చాలునన్నాడు. ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ అది ప్రాణం నిలపదని ఎదురు వాదించాడు. కర్నూలు, కడప జిల్లాలు ఆ కరువులో తీవ్రంగా దెబ్బతిన్న వాటిలో ఉన్నాయి. రైలు ఉన్నచోటికి గింజ వచ్చింది. కొనడానికి చేతిలో కాసు లేనివాడికి అది వచ్చినా రానట్టే. అమర్త్య సేన్ 1981లో సిద్ధాంతీకరించిన అర్హతా లోపం ఇదే.

ఈ నేపథ్యంలో వెంగళరెడ్డికి వచ్చిన పతకాన్ని మళ్ళీ చూడాలి. కరవు సహాయాన్ని పిసినారితనంతో కొలిచిన ప్రభుత్వమే అడిగినవారికల్లా అన్నం పెట్టినవాడిని సత్కరించడం వైరుధ్యంగా తోస్తుంది. నిజానికి ఇందులో వైరుధ్యం లేదు. రాజ్యం జోక్యం కూడదన్న సిద్ధాంతం వ్యక్తి దాతృత్వాన్ని ఎన్నడూ కాదనలేదు. పైగా కోరుకుంది. ఒక రైతు తన పొలాలమ్మి ఊళ్ళకు ఊళ్ళను సాకితే ఖజానాకు ఖర్చు లేదు, ధర కట్టడి చేయవలసిన అవసరమూ లేదు. పతకం ఆ విధానానికి అయిన అతి తక్కువ ఖర్చు. దాన్ని గాథకు కిరీటంగా భావించే వ్యాఖ్యానాలు ఈ కోణాన్ని గమనించలేదు.

అలాగని మార్సెల్ మాస్ దాన సిద్ధాంతాన్ని (1925) పట్టుకుని, ప్రతి దానమూ ప్రతిష్ఠ కోసం పెట్టే పెట్టుబడేనని తేల్చేయడమూ తొందరపాటే. అంత ధాన్యం ఒక ఇంట్లో ఎలా పోగయిందని అడగడం న్యాయమైన ప్రశ్న. కౌలు, నాగులు లేకుండా రేనాట పెద్ద గాదెలు నిండవు. ఆ ప్రశ్నను గాథ అడగదు, విమర్శ అడగాలి. కానీ టెంపుల్ పద్ధతికీ వెంగళరెడ్డి పద్ధతికీ ఉన్న తేడా దానివల్ల చెరిగిపోదు. మొదటిది ఆకలిని రుజువు చేసుకోమంటుంది, శ్రమను కొలిచి గింజను తూస్తుంది. రెండోది అడిగిన చేతిని నమ్ముతుంది. అర్హుడెవరో ఎలా తేల్చాలన్న నేటి సంక్షేమ విధాన చర్చకు ఈ గాథ ప్రాచీన సాక్ష్యం. దానవీర రసానికి ఉదాహరణగా మాత్రమే చదివితే ఈ సాక్ష్యం నోరు విప్పదు.

పాఠం, పత్రం

ఈ అధ్యయనం ముందుకు సాగడానికి అడ్డుపడుతున్నది సిద్ధాంత లోపం కన్నా జిల్లా సరిహద్దు. కోవెలకుంట్ల తాలూకా 1846లో కడప జిల్లాలో ఉండేది. 1858లో కర్నూలుకు మారింది. 2022 నుంచి ఉయ్యాలవాడ నంద్యాల జిల్లాలోకి వచ్చింది. అందువల్ల మొదటి గాథకు చెందిన అధికారిక ఉత్తర ప్రత్యుత్తరాలు కడప కలెక్టరు కాగితాల్లో, రెండో గాథ నాటివి కర్నూలు కాగితాల్లో వెతకవలసి ఉంటుంది. జిల్లా వారీగా సాగే జానపద సాహిత్య పరిశోధనలు ఒక గాథను ఒక పరిధిలో, మరొక దానిని మరొక పరిధిలో చూస్తున్నాయి. కుందూ లోయలో పాడేవారు మాత్రం రెండింటినీ ఒకే నోట పాడుతూ వచ్చారు. గేయపాఠాలను జమాబందీ లెక్కల పక్కన, ఆయా ఏళ్ళ జొన్న, పత్తి ధరల పక్కన పెట్టి సంపాదకత్వం వహించే పని ఎవరైనా చేపడితే, ఏ పాఠాంతరంలో రూకలు ముందుకొచ్చాయో, ఎందులో గింజలు ముందుకొచ్చాయో చరణం చరణంగా తేల్చవచ్చు.