పేరు డమాస్కస్‌ది, ఉక్కు కోనసముద్రంది

గాలిలో తేలి వచ్చిన పట్టు రుమాలు డమాస్కస్ కత్తి అంచు మీద వాలి, తన బరువుకే రెండుగా తెగిపడిందట. సలాదీన్ పట్టు దిండును ఒక్క వేటుతో చీల్చాడని వాల్టర్ స్కాట్ 1825లో ‘ద టాలిస్మన్’ నవలలో రాశాక ఆ కథకు రెక్కలొచ్చాయి. ఎర్రగా కాలిన కత్తిని బతికున్న బానిస ఒంట్లో దింపి పదును పెట్టేవారని ఇంకో ఘోరమైన కథ. పురుషోత్తముడు అలెగ్జాండర్‌కు ఉక్కు కానుకగా ఇచ్చాడనేది మనవాళ్ళు చెప్పుకునేది. ఈ కథలన్నిటిలో కత్తి ఉంటుంది, కత్తి దూసినవాడుంటాడు, కమ్మరి మాత్రం ఎక్కడా ఉండడు.

ఆ కమ్మరి ఊరు కోనసముద్రం. నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి ప్రాంతం, గోదావరికి ఇవతల ఒడ్డు. అవతల నిర్మల్ అడవులు. కొలిమికి కావలసినవన్నీ ఈ అడవి సీమలోనే దొరికేవి: బొగ్గుకు కలప, ఉక్కు కరిగించే మూసలకు మన్ను, ఇనుముకు రాయి. పదిహేడో శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, జలతారు తేలే కత్తులకు పనికొచ్చే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే పర్షియాకు పోతుందని రాసుకున్నాడు. అక్కడి కమ్మరులూ గొప్పవాళ్ళే, కాదనను. కానీ ముడిసరుకు మనది.

1820ల నాటికి హైదరాబాద్‌లో సర్వే దళంతో ఉన్న వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త హెచ్.డబ్ల్యూ. వాయ్సీ కోనసముద్రంలో పని కళ్ళారా చూసి రాశాడు. ఆ రాత 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. చదువుతుంటే చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ముందు మూస. నల్లరాతి గుట్టలు చివికి అయిన మన్నులో పాత కొలిమి పెచ్చుల పొడి, వడ్ల ఊక, నూనె కలిపి పిసికి చేసేవారు. కొలిమిలో ఆ ఊక మాడిపోతుంది, కానీ వృథా కాదు. మాడిన ఊకే మూసకు లోపలినుంచి బలమిస్తుందని ఇటీవలి పరిశోధకులు సూక్ష్మదర్శిని పెట్టి చూసి తేల్చారు. కరిగిన ఉక్కును పగలూ రాత్రీ మోసినా మూస పగలకపోవడానికి కారణం అది. ఊకలో ఇంత బలముందని మొదట కనిపెట్టిన చెయ్యి ఎవరిదో!

తర్వాత ఇనుము. ఒకటి కాదు, రెండు రకాలు. మెట్‌పల్లి వైపు రాయిని దంచి, కడిగి, నల్ల ఇసుక తీసి కరిగించిన ఇనుము ఒకటి, ఎర్రమన్ను నుంచి తీసిన ఇనుము ఇంకొకటి. రెంటినీ ముక్కలు చేసి, తూకం ప్రకారం కలిపి, కాస్త గాజు చిట్టెం వేసి మూస మూసేవారు. తిత్తులు ఇరవై నాలుగు గంటలు ఊదాల్సిందే. ఆ తర్వాత తొందరపడి బయటికి లాగరు, కొలిమిలోనే నిదానంగా చల్లారనిస్తారు. మూస పగలగొడితే దాదాపు ముప్పావు కిలో ఉక్కు బిళ్ళ. అప్పటికీ పని అయిపోలేదు. బిళ్ళకు మట్టి పూసి మళ్ళీ పన్నెండు నుంచి పదహారు గంటలు కాల్చాలి. ఉక్కు మెత్తబడి సమ్మెటకు లొంగేదాకా ఆ వరస మూడు నాలుగుసార్లు.

మైసూరు, సేలం వైపు పద్ధతి వేరు. మూసలో ఇనుముతో పాటు తంగేడు కట్టె, జిల్లేడాకు వేసి మూసి, కాలిన మూసల మీద నీళ్ళు చల్లేవారు. తంగేడు పువ్వు తెలంగాణది కాబట్టి ఆ గొప్పా మనదే అనాలనిపిస్తుంది గానీ, ఆ పద్ధతి వాళ్ళది. నన్నడిగితే కోనసముద్రం పనే మేలు. నా పక్షపాతం నేను దాచుకోను.

వాయ్సీ వెళ్ళేసరికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే వర్తకుడు కొలిమి దగ్గరే కూర్చుని, సరుకు తూకం వేయిస్తూ, బిళ్ళల గట్టితనం పరీక్షిస్తున్నాడు. పర్షియా వాళ్ళు ఇదే ఉక్కును తమ దేశంలో చేయబోయి చేయలేకపోయారట. కొనుక్కోవడానికి వచ్చినవాడి పేరు మనకు దక్కింది. చేసినవాడి పేరు దక్కలేదు!

అటు లండన్‌లో కమ్మరి కొడుకు మైకేల్ ఫారడే, అప్పటికింకా విద్యుత్తు జోలికి పోకముందు, ఈ ఉక్కు గుట్టు విప్పాలని 1819 నుంచి తంటాలుపడ్డాడు. కిటుకు అల్యూమినాలో ఉందనుకుని దారి తప్పాడు. అసలు కిటుకు కర్బనంలో ఉంది, సుమారు ఒకటిన్నర శాతం. 1998లో అమెరికాలో లోహ శాస్త్రవేత్త వెర్హోవెన్, కత్తుల కమ్మరి పెండ్రే కలిసి ఇంకో మెట్టు ఎక్కారు: ఖనిజంలో లేశమాత్రంగా ఉండే వనాడియం వంటివే కత్తి మీద నీటి అలల్లాంటి గీతలకు కారణమన్నారు. అంటే ఏ రాయి ఏరాలో తెలియడమే సగం విద్య.

మరి ఇంత విద్య ఏమైంది? బిలాయతీ ఇనుము చవగ్గా దిగింది, అడవిలో బొగ్గు కాల్చుకోవడానికి ఆంక్షలు వచ్చాయి, కొలిమి ఆరిపోయింది. అది చరిత్ర, సరే. ఇవాళ్టి మోసం చూస్తేనే ఒళ్ళు మండుతుంది. ‘డమాస్కస్ స్టీల్’ అంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న చవక చాకుల మీది గీతలు చాలావరకు ఆమ్లంతోనో లేజర్‌తోనో పైపైన గీసినవి. సానపడితే చెరిగిపోతాయి! రెండు రకాల ఉక్కు రేకులు మడిచి అతికి చేసినవి కొంత నయం, వాటిలో పనితనం ఉంది. అయినా అవి మూస ఉక్కు కావు. పేరు మనకు రాకపోగా, ఆ పేరు పెట్టుకుని మనకే నకిలీ అమ్ముతున్నారు.

ఇంతకన్నా పెద్ద నష్టం మన పొలాల్లో జరుగుతోంది. ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఇనుప చిట్టెం కుప్పలు, మూసల పెంకులు ఇంకా ఉన్నాయి. కమ్మరులు కొలిచిన మమ్మాయి దేవి గుళ్ళూ ఉన్నాయి. పరిశోధకుడు ఎస్. జైకిషన్ ఏళ్ళ తరబడి ఊరూరూ తిరిగి వీటిని లెక్కకెక్కించారు, 2010లో విదేశీ పరిశోధకులతో కలిసి సర్వే కూడా జరిగింది. ఈలోపు కుప్పలు చదునైపోతున్నాయి, రోడ్ల మెరకలో కలిసిపోతున్నాయి.

ఆ ప్రాంతపు సర్పంచులకు, రైతులకు ఒక మనవి. బెజ్జాలు బెజ్జాలుగా, నల్లగా, గాజులా మెరిసే బరువైన రాళ్ళు కుప్పగా కనిపిస్తే ట్రాక్టర్‌కెత్తే ముందు పురావస్తు శాఖకు ఒక్క మాట చెప్పండి. పురావస్తు శాఖవారికీ ఒక మనవి: ఎవరైనా చెబితే వెళ్ళి చూడండి, ఉన్న కుప్పలకైనా కంచె వేయండి.