కోలారు జిల్లాలో మొదటి పిస్తోలు

సెమీ ఆటోమేటిక్ పిస్తోలు ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటానే పేలుస్తుంది. ఆ పేలుడు బలమే స్లయిడ్‌ను వెనక్కి నెట్టి, ఖాళీ షెల్‌ను బయటికి విసిరేస్తుంది. స్ప్రింగు తోపుకు స్లయిడ్ మళ్లీ ముందుకు వస్తూ మ్యాగజైన్‌లోని పై తూటాను చాంబర్‌లోకి తోస్తుంది. ట్రిగ్గర్ వదిలి మళ్లీ నొక్కితేగాని రెండో తూటా పేలదు. కోలారు జిల్లాలో ఇలాంటి ఆయుధం మొదటిసారి కొనాలనుకునే వ్యక్తి ఏ మోడల్ అన్నది ఆలోచించేది చివరన. అంతకు ముందే ఏ అవసరానికి, ఏ లైసెన్సు మీద, ఏ బోరులో అన్న మూడు విషయాలు తేలిపోవాలి. ఈ వరస తప్పితే డబ్బూ పోతుంది, ఒక్కోసారి ప్రాణమూ పోతుంది.

బంగారు గనుల ప్రాంతంలో తుపాకి చాలాకాలం వ్యవస్థల చేతిలోనే ఉంది. జాన్ టేలర్ కంపెనీ 1880లో గనులు చేపట్టాక ఊరిగాం, చాంపియన్ రీఫ్, నందిదుర్గ్, మైసూరు గనుల చుట్టూ ఒక ప్రత్యేక లోకం ఏర్పడింది. 1903లో కోలార్ గోల్డ్ ఫీల్డ్ రైఫిల్ వాలంటీర్లు అనే దళం పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత అది సహాయక సైన్యంలో ఒక బెటాలియన్‌గా మారి, 1947లో రద్దయింది. గని కార్మికులుగా తమిళ, తెలుగు ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాలకు ఆయుధంతో ఉన్న పరిచయమల్లా కాపలావాళ్ల భుజాన, పోలీసుల నడుముకు చూసినదే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. గనుల కాలం నాటి ప్రత్యేక పోలీసు జిల్లా మాత్రం ఆ తరువాతా కొనసాగింది. అందుకే గనుల ప్రాంతంలోని రాబర్ట్‌సన్‌పేటలో ఉండే దరఖాస్తుదారుకు కొంత గందరగోళం తప్పదు. పోలీసు విచారణ జరిపేది కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) ఎస్పీ కింద ఉన్న ఠాణా. లైసెన్సు ఇచ్చేది మాత్రం జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కోలారులోని డిప్యూటీ కమిషనర్. ముళబాగిలు, మాలూరు, శ్రీనివాసపురం వాళ్లకు పోలీసు నివేదిక కూడా కోలారు ఎస్పీ నుంచే వెళుతుంది.

1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి దగ్గర పెట్టుకోవడమే నేరం. 2019 సవరణ ఆ శిక్షను పెంచింది. ఒకరి దగ్గర ఉండదగిన ఆయుధాలను మూడు నుంచి రెండుకు తగ్గించింది. లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పొడిగించింది. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో సరదాకు గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి. దరఖాస్తుదారుకు ఇరవై ఒక్క సంవత్సరాలు నిండి ఉండాలి. 2016 ఆయుధాల నియమావళి వచ్చాక ఆయుధాన్ని జాగ్రత్తగా వాడటం, దాచడం నేర్పే శిక్షణ కూడా తప్పనిసరి అయింది. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని చట్టంలో స్పష్టంగా ఉంది. తుపాకి లైసెన్సంటే పెద్దింటివాళ్ల హోదా అని ఊళ్లలో నాటుకుపోయిన అభిప్రాయానికి చట్టంలో ఆధారం లేదు.

చట్టంలోని పదమూడో సెక్షను ఇంకో ముఖ్యమైన తేడా చూపుతుంది. ఆత్మరక్షణకో క్రీడకో కనీసం ఇరవై అంగుళాల గొట్టమున్న నున్నని బోరు తుపాకిని, పంట కాపలాకు నాటు పద్ధతిలో మందు దట్టించే తుపాకిని అడిగే పౌరుడి వైపు అది కొంత మొగ్గు చూపుతుంది. పిస్తోలు అడిగేవాడు అధికారిని తృప్తిపరచే సరైన కారణం చూపాలి. ఈ తేడా న్యాయమైనదే. పెద్ద తుపాకి నలుగురి కంటా పడుతుంది. పిస్తోలు జేబులో, బండి డిక్కీలో ఎవరికీ కనబడకుండా తిరుగుతుంది. కాబట్టి అది ఎవరి దగ్గర ఉండాలన్న విషయంలో ప్రభుత్వం మరింత పట్టుదలగా ఉండటంలో తప్పులేదు.

ఆంధ్ర సరిహద్దున బంగారుపేట తాలూకా కామసముద్రం వైపు పొలాలున్న రైతులకు ఏనుగుల బెడద పాతదే. టమాటా, రాగి చేలు ఒక్క రాత్రిలో నేలమట్టమవుతాయి. ఆ బాధ నిజమైనదే గాని, దానికి పిస్తోలు మందు కాదు. చిన్న తూటా ఏనుగును ఆపలేదు, గాయపరచి రెచ్చగొడుతుంది. పైగా 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ఏనుగుకు అత్యున్నత రక్షణ ఇస్తుంది. దాన్ని కాల్చిన రైతు పంటతో పాటు స్వేచ్ఛను కూడా పోగొట్టుకుంటాడు. పంట కోసం పిస్తోలు కొనాలనుకునేవారికి చెప్పవలసింది ఒక్కటే, కొనవద్దు.

ప్రాణభయమో, పెద్ద మొత్తాల నగదు మోసే వ్యాపారమో కారణమై లైసెన్సు దొరికితే, తరువాతి ప్రశ్న బోరు. ప్రపంచమంతటా మొదటి పిస్తోలు అనగానే 9 మిల్లీమీటర్ల మాట వస్తుంది. భారతదేశంలో అది నిషిద్ధ బోరు. సైన్యం, పోలీసులు వాడే తూటా సామాన్యుడి చేతికి రాకూడదన్నది ఇక్కడి విధానం. అందువల్ల విదేశీ పుస్తకాలు, వీడియోలు చూసి మోడల్ ఎంచుకోవడం ఈ జిల్లా కొనుగోలుదారుకు దాదాపు నిరుపయోగం. అతనికి ఆచరణలో మిగిలేవి .32, .22 బోర్లు.

.32 దగ్గర కొత్తవాళ్లు పడే పొరపాటు ఒకటుంది. దుకాణాల్లో, కచేరీల్లో ‘32 బోరు’ అని ఒకే మాట వాడతారు. కాని పిస్తోలుకు వాడేది .32 ఏసీపీ. జాన్ బ్రౌనింగ్ పంతొమ్మిదో శతాబ్ది చివర బెల్జియంలోని ఎఫ్ఎన్ కంపెనీ కోసం రూపొందించిన తూటా ఇది, కేసు పొడవు 17 మిల్లీమీటర్లు. కాన్పూరు రివాల్వర్లకు వాడేది .32 లాంగ్, దాని కేసు 23 మిల్లీమీటర్లు. రెండూ ఒకదానికొకటి పనికిరావు. లైసెన్సు పుస్తకంలో ‘.32 పిస్తోలు’ అని ఉందా, ‘.32 రివాల్వర్’ అని ఉందా అన్నది చూసుకోకుండా తూటాలు కొనడానికి వెళ్లకూడదు.

.32 ఏసీపీ మీద ‘బలం చాలదు’ అనే నింద ఎప్పుడూ ఉంది. గుండు బరువు సుమారు నాలుగున్నర గ్రాములు. 9 మిల్లీమీటర్ల దాంతో పోలిస్తే ఇది బలహీనమే. మొదటి ఆయుధానికి మాత్రం ఈ బలహీనత మేలే చేస్తుంది. వెనక్కి కొట్టే దెబ్బ తక్కువ, రెండో గుండు గురి తొందరగా కుదురుతుంది, ట్రిగ్గర్ నొక్కేముందు బెదిరి చేయి కదిలించే దురలవాటు పట్టుకోదు. లక్ష్యానికి తగలని పెద్ద గుండు కన్నా తగిలే చిన్న గుండు ఎక్కువ పని చేస్తుందని రేంజిలో వారం రోజులు గడిపిన ఎవరికైనా అర్థమవుతుంది.

ఈ తూటాకు సరిపడే యంత్రం కూడా సరళమైనది. గొట్టం కదలదు, లాకు ఉండదు. స్లయిడ్ బరువు, స్ప్రింగు బిగువు కలిసి పేలుడు తోపును క్షణంలో కొద్ది భాగం పాటు నిలువరిస్తాయి. దీన్నే బ్లోబ్యాక్ అంటారు. భాగాలు తక్కువ గనుక శుభ్రం చేయడం సులభం. అయితే ఆ పని అంతా స్ప్రింగే మోయాలి కాబట్టి అది గట్టిగా ఉంటుంది. వయసు మళ్లినవారికి, వేళ్ల కీళ్లు పట్టేసినవారికి స్లయిడ్ వెనక్కి లాగడమే కష్టమవుతుంది. దుకాణంలో ఖాళీ పిస్తోలు చేతికి ఇచ్చినప్పుడు మొదట పరీక్షించవలసింది ఇదే. పదిసార్లు వరసగా స్లయిడ్ పూర్తిగా లాగలేని వ్యక్తికి ఆ పిస్తోలు పనికిరాదు, అది ఎంత అందంగా ఉన్నా సరే. అలాంటివారికి రివాల్వర్ మేలు. కాన్పూరు ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ 2014లో మహిళల కోసమని విడుదల చేసిన ‘నిర్భీక్’ సుమారు అరకిలో బరువున్న అలాంటి తేలికపాటి రివాల్వరే.

కొత్తది కొనాలంటే ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల ‘అశని’ .32 పిస్తోలు ప్రధానమైన దారి. 2021 అక్టోబరులో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు కంపెనీలుగా విడదీశాక ఇలాంటి ఆయుధాలు కాన్పూరు కేంద్రంగా ఉన్న ఏడబ్ల్యూఈఐఎల్ అనే కంపెనీ కిందికి వచ్చాయి. రెండో దారి పాత విదేశీ పిస్తోళ్లు. 1980ల నడిమి నుంచి సాధారణ పౌరులకు దిగుమతి మూసుకుపోవడంతో, అంతకుముందు దేశంలోకి వచ్చిన వాల్తర్ పీపీ, పీపీకే, ఎఫ్ఎన్ బ్రౌనింగ్ 1910, కోల్ట్ 1903, చెక్ సీజెడ్ 27 లాంటివే చేతులు మారుతున్నాయి. సరఫరా పెరగదు గనుక వాటి ధర పనితనానికి మించిపోయింది. పేరు కోసం కొనేవారిని ఎవరూ ఆపలేరు గాని, మొదటి పిస్తోలుగా అవి మంచివి కావు. డెబ్బై, ఎనభై ఏళ్ల వయసున్న స్ప్రింగులు, ఎక్స్‌ట్రాక్టర్లు ఎప్పుడు విరుగుతాయో చెప్పలేం, విరిగితే భాగాలు దొరకవు. మనిషి నుంచి మనిషికి అమ్మే సందర్భంలో నలభై ఐదు రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గరి ఠాణాకో రాతపూర్వకంగా తెలియజేయాలన్న నిబంధన కూడా ఉంది.

చేతి కొలత తరువాతి విషయం. పిడి పట్టుకున్నప్పుడు గొట్టం ముంజేతి గీతలో నిలవాలి, చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీదికి సహజంగా రావాలి. వేలు అందుకోవడానికి పిడిని చేతిలో తిప్పవలసి వస్తే ప్రతి గుండూ పక్కకు పోతుంది. ట్రిగ్గర్ తీరు కూడా చూసుకోవాలి. వాల్తర్ పీపీ తరహాలో మొదటి నొక్కు పొడవుగా, బరువుగా ఉండి తరువాతివి తేలికగా ఉండే పద్ధతి ఒకటి. ముందుగా సుత్తి ఎక్కించాకే పేలే పాత పద్ధతి ఇంకొకటి. కొత్తవారికి మొదటిది సురక్షితం. కంగారులో ఆ పొడవాటి నొక్కే ఆలోచించుకునే వ్యవధి ఇస్తుంది.

మ్యాగజైన్ నింపడంలోనూ ఒక చిక్కు ఉంది. .32 ఏసీపీ తూటా అడుగున సన్నని అంచు బయటికి పొడుచుకొని ఉంటుంది. పై తూటా అంచు కింది తూటా అంచు వెనక్కి చిక్కితే రెండూ కదలవు, పిస్తోలు మొరాయిస్తుంది. ఒక్కొక్క తూటాను ముందున్నదాని అంచుకు ముందు పడేలా పేర్చాలి.

పిస్తోలుకూ రివాల్వర్‌కూ మధ్య ప్రాణాంతకమైన తేడా చాంబర్ దగ్గర ఉంది. రివాల్వర్ చక్రం తెరిస్తే తూటాలన్నీ కనిపిస్తాయి. పిస్తోలులో మ్యాగజైన్ తీసేశాక కూడా ఒక తూటా చాంబర్‌లో కనబడకుండా ఉండిపోవచ్చు. ‘మ్యాగజైన్ తీశాం కదా, ఖాళీనే’ అన్న ధీమాతో తుడిచేటప్పుడో, స్నేహితుడికి చూపేటప్పుడో పేలిన పిస్తోళ్లకు అంతులేదు. క్రమం ఎప్పుడూ ఒకటే ఉండాలి. ముందు మ్యాగజైన్ తీయాలి, తరువాత స్లయిడ్ వెనక్కి లాగి నిలపాలి, చాంబర్‌ను కంటితో చూడాలి, చీకటైతే చిటికెనవేలితో తడమాలి. వరస తారుమారై స్లయిడ్ ముందు లాగితే మ్యాగజైన్‌లోని కొత్త తూటా చాంబర్‌లోకి ఎక్కుతుంది. సేఫ్టీ మీట ఉంది కదా అని ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ మానకూడదు.

ఈ చేతి అలవాట్లు ఇంట్లో కూర్చుంటే రావు. అందుకే మొదటి పిస్తోలుగా అన్నిటికన్నా ముందు నిలబడవలసింది .177 ఎయిర్ పిస్తోలు. బోరు 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్లు దాటనంత వరకు దానికి ఆయుధ లైసెన్సు అక్కరలేదు. పది మీటర్ల పోటీలో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లే. దాన్ని వరసగా కొట్టగలిగిన చేతికి .32 కష్టం కాదు. ఆ తరువాతి మెట్టు .22 సెమీ ఆటోమేటిక్. మహిళల 25 మీటర్ల పోటీలో వాడేది అదే. ట్రిగ్గర్ బరువు కనీసం కిలో ఉండాలి, వేగపు దశలో ప్రతి గుండుకూ దొరికేది మూడు సెకన్లు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో పదమూడేళ్ల వయసులో పది మీటర్ల ఎయిర్ పిస్తోలులో జాతీయ విజేత అయింది. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్తోలు జట్టు స్వర్ణంతో పాటు వ్యక్తిగత రజతం తెచ్చింది. బెంగళూరు షూటర్ ప్రకాశ్ నంజప్ప 2014 కామన్వెల్త్ క్రీడల్లో ఎయిర్ పిస్తోలు రజతం గెలిచాడు. క్రీడా శిక్షణలో పన్నెండేళ్ల నుంచే పర్యవేక్షణలో కాల్చవచ్చు. మారికుప్పం నుంచి రోజూ బెంగళూరు రైలెక్కే ఊరికి రాజధాని రేంజిలు మరీ దూరమేమీ కావు. కర్ణాటక రాష్ట్ర రైఫిల్ సంఘం సభ్యత్వంతో మొదలుపెట్టి ఒక ఏడాది ఎయిర్ పిస్తోలు కాల్చినవారిలో చాలామందికి ఇంట్లో .32 అవసరం లేదని తెలిసిపోతుంది. ఆ తెలివిడి కొనుగోలు కన్నా విలువైనది.

కొన్నవారికి ఆత్మరక్షణ హద్దులు తెలిసి ఉండాలి. 2024 జులై నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 సెక్షన్ల వరకు ఈ హక్కును వివరిస్తుంది. రక్షణకు అవసరమైన దానికి మించి హాని చేస్తే ఆ హక్కు నిలవదు. పారిపోతున్న దొంగ వీపు మీద కాల్చడం ఆత్మరక్షణ కాదు. ఇంట్లో పిస్తోలు ఒక బీరువాలో, తూటాలు వేరే తాళం కింద ఉండాలి. పిల్లలున్న ఇంట్లోనే కాదు, మనసు కుంగిపోయిన మనిషి ఉన్న ఇంట్లో కూడా ఇది ప్రాణాలు కాపాడుతుంది. అలాంటి రోజుల్లో ఆయుధాన్ని ఠాణాలోనో లైసెన్సున్న డీలరు దగ్గరో జమచేయడం అన్నిటికన్నా మంచిది. ఎన్నికల ప్రకటన వెలువడ్డాక, లైసెన్సులను పరిశీలించే జిల్లా కమిటీ కోరినవారు ఎలాగూ జమచేసి రసీదు తీసుకోవాలి.

వారసత్వంగా వచ్చే పిస్తోలుది మరో దారి. లైసెన్సుదారు మరణించినా, డెబ్బై ఏళ్లు నిండినా, ఆయుధం ఇరవై ఐదేళ్లు తన దగ్గర ఉంచుకున్నా, చట్టబద్ధ వారసుడు తన పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చని 2016 నియమావళి చెబుతుంది. మరణం సంభవిస్తే కాగితాలు తేలేదాకా ఆయుధం ఇంట్లో ఉండకూడదు, జమ చేయాలి. లైసెన్సు వచ్చాక వారసుడు మొదట ఆ పిస్తోలును డీలరు దగ్గరి ఆయుధ మెకానిక్‌కు చూపించాలి. గొట్టం మీద చెక్కిన బోరు, సీరియల్ నంబరు లైసెన్సుతో సరిపోతున్నాయో లేదో చూసుకోవాలి. స్ప్రింగులు, ఎక్స్‌ట్రాక్టరు పరీక్షించి, పాత తూటాలన్నీ అక్కడే అప్పగించి, కొత్తవాటితో రేంజిలో కాల్చి చూశాకే దాన్ని ఇంటికి తెచ్చుకోవాలి.